ఆరు చెంబుల స్నానం

1978 డిసెంబర్ 3, ఆదివారం

నల్లా ఇవాళ కూడా పావుగంటే. పిల్లి ఉచ్చ పోసినట్టు. అదీ గోడ అవతలి నుంచి రజియా ఆపా కేకేస్తే తెలిసింది — "సుగుణమ్మా, పానీ ఆయా, జల్దీ!"

మళ్లీ ఎల్లుండి వరకు రాదు. ఇంట్లో ముగ్గురం, ఒక డ్రమ్ము. అందుకే నా కానూను: మనిషికి ఆరు చెంబులు. తడవడానికి ఒకటి, సబ్బు వదలడానికి నాలుగు, ఆఖరిది నా దయ. కాచేది ఒక్క కుండే. అది సలసలా మరిగాక బకెట్‌లో చన్నీళ్లకు కలపాలి. పొయ్యిలో ఒక్కసారి కూరిన రంపపు పొట్టుతో ముగ్గురి స్నానాలూ, పప్పు ఉడకడమూ అయిపోవాలి. ఆయన నవ్వుతాడు. "మా ఫ్యాక్టరీల గూడ ఇంత కడక్ లేదే."

ఆదివారం కదా, ఆయనకు నూనె పెట్టి వీపు రుద్దడం నా పని. పెళ్లయిన పదేళ్లలో ఎన్నడూ తప్పలేదు. కుడి భుజం కింద ఆ తెల్లమచ్చ ఉంది — మామూలు శోభి మచ్చే అనుకుంటూ వచ్చాను. ఎండాకాలంలో రూపాయి బిళ్లంత. ఇప్పుడు అరచేయంత.

ఇవాళ పాడు పని చేశాను. "అమ్మా, నా రిబ్బనేది?" అని సుజాత లోపల ఒకటే లొల్లి. దానికి జవాబు చెబుతూ, బకెట్‌లో ముంచాల్సిన చెంబు మరిగే కుండలో ముంచాను. పోసేశాను. సరిగ్గా మచ్చ మీద. నాలుగు చుక్కలు నా పాదం మీద చిందితే ఎగిరి గంతేశాను.

ఆయన కదల్లేదు.

నీళ్లు జారి నడుం దాకా వచ్చాక అప్పుడు — "అబ్బ! సుర్రుమన్నదే."

కింద. పైన కాదు.

"కొంచెం ఎక్కువ కాగినట్టున్నయి" అన్నాను. చెంబు కుండ దగ్గర్నుంచి బకెట్‌లోకి మార్చాను. ఆయన చూడలేదు.

డిసెంబర్ 4

మచ్చ మీద బొబ్బ లేచింది. చొక్కా తొడుక్కుంటుంటే కనబడింది. నిమ్మకాయంత. వీపు నొప్పిగా ఉందా అంటే, లేదట. బొబ్బ ఉన్న సంగతే తెలియదు ఆయనకు. నేను చెప్పలేదు.

డిసెంబర్ 5

నల్లా వచ్చింది. డ్రమ్ము నిండింది. మనసు మాత్రం దాని మీద లేదు.

డిసెంబర్ 6

రాయకూడదు అనుకున్నాను. పెద్ద... అని రాసి కొట్టేశాను.

పెద్దరోగం.

ఇదిగో, రాసేశాను. భయంగా ఉంది. ఈ డైరీ బియ్యం డబ్బా వెనక పెట్టాలి. సుజాత మూడో తరగతి, అన్నీ కూడబలుక్కుని చదివేస్తోంది.

మా అమ్మగారింటి గల్లీలో ఒక దర్జీ ఉండేవాడు. చెవులు మందంగా, మెరుస్తూ... ఎవరో ఆ మాట అన్నారు. అంతే. గల్లీ మొత్తం ఆయనకు బట్టలివ్వడం మానేసింది. మొట్టమొదట మానేసింది మా అమ్మే. నెలలోపే దర్జీ పెళ్లాం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆమెను ఎన్ని మాటలన్నానో.

జనవరిలో ఫ్యాక్టరీలో డాక్టరు చూస్తాడు, ఏటా చూసేదే. చొక్కా విప్పమంటాడు.

డిసెంబర్ 7

పొద్దున చాయ్ తాగుతూ ఆయన — "రేపటి సంది తానం ఫ్యాక్టరీలనే చేస్త. ఆడ షవర్లున్నయి, వేడినీళ్లు గూడ వస్తయి. ఇంట్ల నీళ్లు మిగుల్తయి, పొట్టు మిగుల్తది. ఖుషేనా?"

నా మొహం చూడకుండా అన్నాడు. గ్లాసు లోపలికి చూస్తూ.

పదేళ్లుగా నీళ్ల గురించి నేను మొత్తుకుంటే ఒక్కనాడు చెవిన పెట్టని మనిషి.

"మంచిదే గదా" అన్నాను. నేనూ గ్లాసే చూశాను.

డిసెంబర్ 8

తల తడిగా వచ్చాడు. ఏదో కొత్త సబ్బు వాసన. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. ఇంట్లో ఎప్పుడూ బనీను మీద తిరిగేవాడు.

డిసెంబర్ 9

ఆయన చెంబు వేరు చేశాను. తువ్వాలు వేరు. సుజాతకు చెప్పాను — "బాపు చెంబు పెద్దగుంటది, నీళ్లెక్కువ పడ్తయి. నువ్వు ముట్టకు."

"మరి బాపు ఇంట్ల తానమే చేస్తలేడు గదా?" అంది. దొంగముండ, ఎక్కడ పుట్టిందో. కసిరేశాను. ఏడ్చింది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మొహం కడుక్కోవడానికి ఆయన ఆ చెంబే వాడతాడు. ఆ తర్వాత దాన్ని మరిగే నీళ్లలో వేస్తున్నాను. రెండేసి సార్లు. దానికే కుండెడు నీళ్లు, పొయ్యెడు పొట్టు. పొదుపు చేసేదాన్ని చూడు!

డిసెంబర్ 10, ఆదివారం

ఓవర్‌టైం ఉందని పోయాడు. నూనె గిన్నె తీయలేదు.

రజియా ఆపా గోడ మీంచి — "క్యా సుగుణమ్మా, ఇత్వార్ కో భీ డ్యూటీ? భాయ్‌సాబ్ ఇంట్ల ఉంటలేరు?"

"పనెక్కువుంది ఆపా" అన్నాను. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. ఆమెకు తెలుసేమో. ఎలా తెలుస్తుంది? ఏమో, నాకే పిచ్చెక్కుతోంది.

డిసెంబర్ 11

సుజాతకు స్నానం చేయిస్తూ వీపు చూశాను. ఏమీ లేదు. పక్కకు తిప్పి మళ్లీ చూశాను. చేతులు, తొడలు, చెవుల వెనక. "చలి పెడ్తాంది అమ్మా" అని వణుకుతున్నా వదల్లేదు. దాని ఆరు చెంబులూ అయిపోయాయి, ఇంకో నాలుగు పోశాను.

డిసెంబర్ 13

వేడినీళ్లు నా చేతి మీద పోసుకున్నాను. ముంజేతి మీద, మోచేతి మీద, పాదం మీద. అన్నిచోట్లా మండింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. ఆయనకు మండని చోట నాకు మండితే సంతోషమా?

డిసెంబర్ 14

అన్నం వడ్డిస్తుంటే ఆయన చెయ్యి నా చేతికి తగిలింది. వెనక్కి లాక్కున్నాను. కావాలని కాదు. ఆయన నీళ్లు తాగి లేచాడు, కంచంలో సగం అలాగే ఉంది.

డిసెంబర్ 15

ఈరోజు మాట బయటపడింది.

సుజాత బడికి పోయింది. ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు. మంచం మీద కూర్చుని, తనంతట తానే మొదలుపెట్టాడు. "షవర్ల కాడ అందరు పోయేదాంక ఆగుతున్న సుగుణా. ఒక్కన్నే చేస్తున్న. వీపు ఎవలికి సూపియ్యకుండ."

నేను చీపురు పక్కన పెట్టాను.

"గుండుసూది తోని గుచ్చుకున్న. తెల్వలే. అద్దంల చూసుకుంట గుచ్చుకున్న, నెత్తురొచ్చింది గని తెల్వలే. బొబ్బ గూడ దానంతట అదే లేచింది. లోపల్నించి పుడ్తున్నదేమో... ఇగ ఒళ్లంత గట్లనే లేస్తదేమో అని..."

అప్పుడు చెప్పాను. బొబ్బ రోగం కాదు, నేను పోసిన నీళ్లని. కలపకుండా, మరిగేవి పోశానని.

"గంత వేడివి పోస్తే నాకు తెల్వదా?" అన్నాడు.

తెలియలేదు కదా. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఇన్ని రోజులుగా అద్దంలో ఆ బొబ్బను చూసి ఎంత చచ్చిపోయాడో. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఒక్క భయమైనా తప్పేది. నేను ఇంత పిరికిదాన్ని అనుకోలేదు.

పక్కన కూర్చున్నాను. కొంచెం ఎడంగా.

డిసెంబర్ 18, సోమవారం

దవాఖాన. మా వైపుది కాదు, మూసీ అవతలిది. తెలిసినవాళ్లు కనబడకూడదని. రజియా ఆపాకు చుట్టాలింట్లో పెళ్లిచూపులకని చెప్పాం. కొంగు తలమీదుగా మొహం దాకా లాక్కున్నాను. ఆ వరుసలో కూర్చున్నవాళ్లందరూ అలాగే ఉన్నారు.

డాక్టరు పెద్దాయన. రెండు గాజు గొట్టాలు తెచ్చాడు. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. "కళ్లు మూసుకో. ఏది వేడిదో, ఏది చల్లదో చెప్పు."

ఎడమ భుజం మీద పెట్టాడు. "వేడిది." మళ్లీ. "సల్లది." గబగబా చెబుతున్నాడు ఆయన, బళ్లో పిల్లాడిలాగా.

కుడివైపు మచ్చ మీద పెట్టాడు. గొట్టం అక్కడే ఆనించి ఉంచాడు. వేడిది. నాకు కనబడుతోంది.

ఆయన ఎదురుచూస్తున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని.

"పెట్టుండ్రి సార్" అన్నాడు.

బల్ల పట్టుకుని నిలబడ్డాను.

చెవి తమ్మె దగ్గర గీకి గాజుపలక మీద పూశారు. వచ్చే వారం మంగళవారం రిపోర్టు. డాక్టరు ఏమన్నాడంటే — కుష్టే కావచ్చు, అయినా మందుంది. ఏళ్ల తరబడి మింగాలి. ఇప్పుడే వచ్చారు కాబట్టి వేళ్లకూ కాళ్లకూ ఏమీ కాదు. పనికి పోవచ్చు. నా వైపు తిరిగి, "అమ్మా, ముట్టుకుంటే వచ్చేది కాదిది. కలిసి తినండి, కలిసి ఉండండి. స్నానానికి నీళ్లు మాత్రం నువ్వు చెయ్యి పెట్టి చూసి ఇవ్వు, అక్కడ ఆయనకు కాలినా తెలియదు" అన్నాడు. నిన్నూ పాపనూ కూడా ఒకసారి చూడాలి అన్నాడు.

తల ఊపాను. డాక్టరు మాట తలకు ఎక్కింది. ఒంటికి ఎక్కలేదు.

డిసెంబర్ 20

మేమిద్దరం ఇంట్లో మెల్లగా మాట్లాడుకుంటున్నాం. ఎవరో పడుకున్న ఇంట్లో మాట్లాడినట్టు.

డిసెంబర్ 21

"నా చెంబు ఎందుకు వేరే పెట్టినవ్?" అని అడిగాడు.

"నీళ్లు దుబారా అయితున్నయని..."

"నీళ్లకేనా?"

పప్పు మాడుతోందని వంటింట్లోకి వచ్చేశాను. పప్పు ఇంకా పొయ్యి మీద పెట్టనేలేదు.

డిసెంబర్ 23

దర్జీ పెళ్లాం మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆమెను తిట్టిన తిట్లు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

డిసెంబర్ 24, ఆదివారం

పొద్దున లేస్తూనే ఆయన — "ఇయ్యాల ఇంట్లనే చేస్త." కాసేపాగి, "వీపు రుద్దుతవా?"

"రుద్దుత" అన్నాను. ఎందుకు రుద్దను? డాక్టరు చెప్పాడు కదా. నూనె గిన్నె తీశాను. కుండ మరిగింది, బకెట్‌లో కలిపాను, మోచెయ్యి పెట్టి చూశాను, సరిపోయింది. ఆయన బండ మీద అటు తిరిగి కూర్చున్నాడు. బొబ్బ మానిపోయింది. ఆ చోట ఎర్రగా, పల్చటి తోలు.

నూనె ఆయన చేతికే ఇచ్చాను, నువ్వే పెట్టుకో అని. అందినంత మేర పెట్టుకున్నాడు. మధ్యలో అందలేదు.

నీళ్లు పోశాను. సబ్బు పట్టుకున్నాను. చెయ్యి వీపు దాకా పోయింది. జానెడు దూరంలో ఆగిపోయింది. నా చెయ్యే, నా మాట వినడం లేదు. సరే, ఇంకో చెంబు పోద్దాం అనుకున్నాను. పోశాను. ఇంకోటి. నూనె, మురికి అన్నీ నీళ్లే తీసుకుపోవాలన్నట్టు పోస్తూనే ఉన్నాను. బకెట్ అయిపోయింది. డ్రమ్ములోంచి ముంచాను, కుండలో మిగిలినవి కలిపాను, మళ్లీ పోశాను. ఎన్ని చెంబులో లెక్క లేదు. కాలవ నిండి గడప దాకా నీళ్లొచ్చాయి.

ఆయన తల తిప్పలేదు.

"నీళ్లు మస్తు పోస్తున్నవ్ సుగుణా," అన్నాడు మెల్లగా. "చెయ్యేది?"

"నీళ్లు సల్లబడ్డయి. ఇంకో కుండ కాస్త, ఆగు" అని లేచి వచ్చాను. పొయ్యిలో పొట్టు కూరాను. కుండ పెట్టాను. ఇక్కడే పొయ్యి ముందు కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆయన లేవలేదు. తువ్వాలు కప్పుకుని బండ మీదే కూర్చున్నాడు, అటే తిరిగి. భుజాలు వణుకుతున్నాయి. చలికో, మరి దేనికో. నాకు భయంగా ఉంది. రోగమంటే ఉంది, రిపోర్టంటే ఉంది, అన్నిటికంటే ఎక్కువ నా చెయ్యంటేనే ఉంది.

కుండ అంచుల్లో బుడగలు మొదలయ్యాయి.

"సుగుణా..." అంటున్నాడు.

నీళ్లు కాగాయి. లేవాలి.