వెళ్ళినవాళ్ళ వెనక చీపురు

నరసరావుపేట,
శనివారం.

అమ్మకు,

నాగలక్ష్మి నమస్కారాలు. నేను బాగున్నాను, తిండికీ నిద్రకూ లోటు లేదు. కారంపూడిలో నువ్వూ, నీ మేకలూ బాగున్నారనే అనుకుంటున్నాను. రాళ్ళ మిల్లులో పోయిన నీ చెవులకు ఫోను పనికిరాదు. నేనొక మాటంటే మూడుసార్లు "ఏంది?" అని, నాలుగోసారి కసురుకుని పెట్టేస్తావు. ఉత్తరమే నయం.

హోటల్ రిసెప్షన్‌లో కట్టుకునేది చీరా, వేసుకునేది కోటా అని అడిగావు. చీరేనమ్మా. కానీ కట్టుకునేది నేను కాదు. నీకు అబద్ధం చెప్పాను. ఆరు నెలలుగా నేను హౌస్‌కీపింగ్‌లో ఉన్నాను. పక్కలు సర్దడం, బాత్రూములు కడగడం, నేల ఊడ్చి తుడవడం నా పని. హోటల్ మేనేజ్‌మెంట్ చదివించింది చీపురు పట్టడానికా అని నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. నిజానికి నాకీ పని ఇష్టం. దుప్పటి ఒక్క ముడత లేకుండా లాగి మూలలు దోపితే ఆ రోజంతా హాయిగా ఉంటుంది. మా సూపర్‌వైజర్ సాల్మన్ రాజు గారు నా గదుల్లో అద్దాల మీద వేలు పెట్టి రాసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతారు. ఆయన మెచ్చుకోవడమంటే అదే. శిక్షణ అయ్యాక ఇక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారు.

ఒక్కటే ఇబ్బంది. మనింట్లో ఎవరైనా గడప దాటితే వాళ్ళు ఊరు దాటేదాకా నువ్వు చీపురు ముట్టనిచ్చేదానివి కాదు. శవం లేచాకే వెంటనే ఊడుస్తారని తిట్టేదానివి. ఇక్కడ మనిషి గది ఖాళీ చేయగానే ఊడవాలి. అందుకని పక్క, అద్దం, బాత్రూము అన్నీ అయ్యాకే నేల జోలికి వెళ్ళేదాన్ని. పద్ధతి కూడా అదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

పోయిన నెల ఒకరోజు రెండొందల ఏడో గదిలో దిగిన మిర్చి వ్యాపారి వెంకటప్పయ్య గారు పొద్దున పదింటికి ఖాళీ చేశారు. కింద పెళ్ళివాళ్ళు పెట్టెలతో కాచుకుని ఉన్నారు. "ఏందమ్మాయ్, ఇంకా నిలబడ్డావు? ముందు ఊడ్చెయ్, పక్క సంగతి నేను చూస్తా" అన్నారు సాల్మన్ రాజు గారు. వెంకటప్పయ్య గారు ఇంకా లిఫ్టు దగ్గరే ఉన్నారు. ఆయన వీపు కనబడుతుండగానే ఊడ్చి తుడిచాను.

తువ్వాళ్ళు తెచ్చేసరికి కిటికీ నుంచి తలుపు దాకా తెల్లటి అడుగులున్నాయి. చెప్పుల్లేని అడుగులు. గడప దగ్గర ఆగిపోయాయి, వేళ్ళు బయటి వైపుకు ఉన్నాయి. ఎవరో బయల్దేరి, వెళ్ళలేక నిలబడిపోయినట్టుంది. నాతో పనిచేసే ఉజ్మా కూడా చూసింది. "ఏందే ఇది, పిండి తొక్కొచ్చారా ఎవరన్నా?" అంది. వేలితో తీసి చూశాను. పిండి కాదు, నాపరాయి పొడి. ఆ వాసన నాకు తెలియదా?

వెంకటప్పయ్య గారికి ఏమైనా అయిందేమోనని భయపడ్డాను. ఆయన నిక్షేపంగా ఉన్నారు. మరుసటి వారం మళ్ళీ దిగి, కాఫీ చల్లారిందని మమ్మల్ని చెడామడా తిట్టారు కూడా. ఆ గదిలో మాత్రం ఎవరు ఖాళీ చేసినా పదకొండుకల్లా అడుగులు పడేవి. తుడిస్తే మళ్ళీ వచ్చేవి. తాళం వేసి, తీసి చూసినా ఉండేవి. ఒకరోజు మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూశాను. ఎడమ పాదానికి బొటనవేలు లేదు.

నాన్న వేలి మీద రాయి పడ్డప్పుడు గుడ్డ కట్టింది నువ్వే కదమ్మా.

ఇక దాచలేను. నాన్న క్వారీలో రాళ్ళ కింద పడి చనిపోయిన రోజు పొద్దున మాచవరంలో మన వాకిలి ఊడ్చింది నాయనమ్మ కాదు, నేను. బడికి ఆలస్యమవుతోందని, నాన్న సందు మలుపు తిరగకముందే ఊడ్చేశాను. నువ్వు నీళ్ళ బిందెతో వచ్చేసరికి చీపురు నాయనమ్మ మంచం పక్కన ఉంది. సాయంత్రం కబురు తెలిశాక నువ్వు ఆమె మీద పడ్డావు. "నీ కొడుకుని నువ్వే ఊడ్చి పారేశావు గదా అత్తా!" అన్నావు. నాయనమ్మ నా వైపు ఒకసారి చూసి, "మతి లేక ఊడ్చానే తల్లీ" అంది. ఆమె పోయేదాకా నాలుగేళ్ళు నువ్వు ఆమెతో మాట్లాడలేదు. ముగ్గురం ఒకే కుండలో అన్నం తిన్నాం. నేను నోరు విప్పలేదు. కొడతావని కాదు, నాతో కూడా మాట్లాడడం మానేస్తావని భయపడ్డాను. ఇప్పుడూ అదే భయం.

మొన్న మంగళవారం ఆ గది ఖాళీ అయ్యాక చీపురు తీసుకెళ్ళి దూరంగా పెట్టాను. గడప పక్కన నిలబడి, నువ్వు అప్పట్లో రోజూ నాన్నతో అన్నట్టే అన్నాను. "జాగర్తగా ఎల్లిరా నాన్నా." గంటసేపు నేల ముట్టలేదు. సాల్మన్ రాజు గారు అరిచారు, మాటలు పడ్డాను. ఆ తర్వాతే ఊడ్చాను. అప్పటినుంచి ఆ గదిలో అడుగులు లేవు. పీడ వదిలిందనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఇవాళ నీ ఉత్తరం అందింది. చివర్లో అడిగావు: "మనం మాచవరం వదిలి ఆరేళ్ళయింది, మన వీధిలో మిల్లు లేదు పాడూ లేదు, బుధవారం నుంచి వాకిట్లో ఈ రాతిపొడి ఏందే? ఎంత ఊడ్చినా మళ్ళీ పడతాంది" అని.

ఇక్కడ మంగళవారం బయల్దేరాడమ్మా. నడిచే వచ్చుంటాడు.

ఊడవకు. నన్ను తర్వాత తిడుదువుగాని. ముందు చెంబుతో కాళ్ళకు నీళ్ళు పెట్టు.

ఇట్లు,
ఆ రోజు వాకిలి ఊడ్చిన నీ కూతురు,
నాగలక్ష్మి.