రంగూన్ పట్టుచీర

అక్కా, నువ్వు రంగూన్‌లో పోయి ఇవాళ్టికి మూడేళ్లు. అక్కడ నీ పొరుగున ఉన్న సీతమ్మ గారు, బర్మా సర్కారు మనవాళ్ల అంగళ్లన్నీ లాగేసుకుంటే, అంతా వదులుకుని ఓడెక్కి మన చిట్టమూరు వచ్చేశారు.

"ఇక్కడ చేపలమ్మే ఆడవాళ్లు కూడా రోజూ పట్టు లుంగీలే కడతారే! నువ్వేమో దేవుడికి చూపించి పెట్టెలో పెడతావు" అని నువ్వు రాసేదానివి. సీతమ్మ గారిని అదే అడిగాను.

"ఇప్పుడాడ పట్టెక్కడిదమ్మా? నూలుగుడ్డ దొరికితే చాలు. మీ అక్క జబ్బులో పట్టంతా అమ్మేసుకునింది. మీ అమ్మ పెట్టిన కంచిచీర మాత్రం ఇయ్యలేదు. అది కట్టే సాగనంపినాం."

ఇక్కడేమో ఇప్పుడు పుట్టినరోజైతే పిల్లలు బడికే పట్టు పావడాలు కట్టుకొస్తున్నారు.

నువ్వు పంపిన రంగూన్ పట్టుచీర పూజకు తప్ప నేను కట్టలేదు. ఇవాళ తీస్తే మడతల దగ్గర చిరిగి ఉంది. కుట్టుకుని, అది కట్టుకునే బావికి నీళ్లకు వెళ్లాను.