చెట్టెక్కింది ఎవరు?

మావయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చైనా కొండల్లో ముసలి తేయాకు చెట్లెక్కి కోసే పచ్చి పూయర్ టీ ఎలా ఉంటుందో చూడాలనేవాడివి కదా, తెప్పించాను. బిళ్ళలా నొక్కిన ఆకు చూసి అమ్మ, "ఏట్రా, పిడక కొన్నావేటి?" అంది.

పొట్లం మీద కొండ పేరుంది, కోసినవాళ్ళ పేరు లేదు. పవర్ హౌస్ బజార్లో ఇది తెప్పించి అమ్మినవాణ్ణి నిలదీశాను. "చాయ్ తాగుతావా భయ్యా, ఎంక్వైరీ పెడతావా?" అన్నాడు.

పాలు పోయకుండా తాగాం. ముందు చేదు, తర్వాత గొంతులో తీపి. అదే ఆకు మీద ఎన్నిసార్లు వేడినీళ్ళు పోసినా రుచి చావలేదు. ముసలి చెట్టు ఆకు గుణం అదేనట. నమ్మాను.

స్టీల్ ప్లాంటులో నువ్వు చేసిన రైలు పట్టాల మీద ప్లాంటు పేరే ఉండేది, నీది ఉండేది కాదు. అందుకే రేపు మళ్ళీ వెళ్ళి అడుగుతాను, ఆ చెట్టెక్కింది ఎవరని.