నా చీరముక్కతో నువ్వు కుట్టిన బొమ్మ

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన చేలో పత్తి కూరి, నా పాత చీరముక్క చుట్టి, ఫోన్ మోసాల గురించి బడిపిల్లలకు చెప్పడానికి నువ్వు కుట్టిన బొమ్మను, నీతో పనిచేసిన రమ టీచరుకి ఇచ్చాను. "సుజాత పేరు నిలబెడతా పిన్నీ" అంది.

నిన్న టీచర్ల ట్రైనింగులో తను బొమ్మను ఆడించిన వీడియో నా ఫోన్‌కి వచ్చింది. నువ్వు నన్ను వెక్కిరిస్తూ ఆ బొమ్మకు పెట్టిన గొంతుతోనే అది, "ఒరేయ్, ఎవడడిగితే వాడికి ఓటీపీ చెప్పేస్తావా? బుద్ధుందా నీకు!" అని అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివర్లో రమ, "ఇదంతా నా సొంత ఆలోచనే" అంది.

ఫోన్లో ఏది చూసినా ఎవరు చేశారో కనుక్కోమని ఆ బొమ్మతోనే నాకు నేర్పావు కదా తల్లీ. రమకి ఫోన్ చేసి, నీ పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"అందరి ముందూ చెప్పేశాను, ఇప్పుడెలా మార్చను పిన్నీ?" అంది.

బొమ్మ తెచ్చి ఇచ్చేయమన్నాను. నువ్వు పెట్టిన ఆ గొంతును ఎలా వెనక్కి అడగను?

మీ అమ్మ