గేటుకున్న బోర్డు

మహిళల షెల్టర్ వార్డెన్ గారికి,

నిన్న మీ గేటు దాకా వచ్చి వెనక్కి మళ్ళిన మనిషిని నేనే. “నీకు చోటుందమ్మా, కుక్కను ఎవరికైనా ఇచ్చేసి రా” అన్నారు. ఎవరికివ్వను? మా ఆయన నా మీద చెయ్యెత్తినప్పుడల్లా పక్క వాటావాళ్ళు టీవీ సౌండు పెంచుకున్నారు. అడ్డం పడింది అదొక్కటే. పోయినసారి దాన్ని వదిలి అక్క ఇంటికి వెళ్తే, దాని కాలు విరగ్గొట్టి నాకు ఫోటో పంపాడు. అందుకే తిరిగి వెళ్ళాను తప్ప మొగుడి మీద బెంగతో కాదు.

రాత్రి నేను పనిచేసే టైలరింగ్ షాపులో, బల్ల కింద మేమిద్దరం తలదాచుకున్నాం.

మీ గేటుకు ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని బోర్డుంది. మొగుళ్ళు వచ్చి రభస చేయకుండా పెంచుతున్నామని మీరే చెప్పారు. మా కుక్క ఇన్నాళ్ళూ చేసిందీ ఆ ఉద్యోగమే. రేపు మళ్ళీ వస్తాం, గేటు తీయించండి.

ఇట్లు,
మీరు రమ్మన్న మనిషి, వద్దన్న కుక్క