నవ్వు చివర

అక్కా,

మేం కులాసా. వంతెన పనికని మా ఇంటి ముందు రోడ్డు మూసి పదిహేను రోజులైంది. చిన్నదాని ఆయాసానికి బస్సుల పొగే కారణమని డాక్టరంటే నేను నమ్మలేదు కదా.

నిన్న భోజనాల దగ్గర ఉప్పనుకుని పంచదార చల్లుకున్నాను. అది పకపకా నవ్వింది. ఎప్పుడూ సగంలోనే నవ్వు దగ్గయిపోతుందని, నీ మరదలు ఇన్‌హేలర్ అందుకుంది. అవసరమే రాలేదక్కా! పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, తనంతట తానే ఆగింది.

"ఇంకోసారి చల్లు నాన్నా!" అంది.

ఏడేళ్ళలో దాని నవ్వు చివరిదాకా వినడం అదే మొదలు.

మీవైపు బస్సులు రాని లోపలి వీధిలో మాకు అద్దెకు ఒక్క గదైనా చూడు. సోమవారం రోడ్డు తెరుస్తారు. మొదటి బస్సు నడిపేది నేనే.

నీ తమ్ముడు