చమ్కీల గౌనుకి అమ్మ కడియం

డిసెంబరు 9, మంగళవారం

గౌను వచ్చింది. మా ఆఫీసు రీనా దీదీది... ఒక్కసారే వేసుకుందట. ముదురు నీలం, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా చమ్కీలు. కాస్త కదిలితే చాలు, గోడలన్నీ మిణుకుమిణుకు. ఇరవయ్యో తేదీన కంపెనీ పార్టీ, పార్క్ స్ట్రీట్ హోటల్లో. స్టేజీ మీద మైకు పట్టుకుని బహుమతుల వాళ్ల పేర్లు పిలిచేది నేనే. రిసెప్షన్లో ఫోనెత్తే గౌరి!

అంతా బాగానే ఉంది. గౌనుకి చేతులే లేవు.

నా కుడి ముంజేతి మీద నాన్న పేరుంది.

డిసెంబరు 10

పచ్చబొట్టు. పైన 'సింహాచలం', కింద 'కిదిర్‌పూర్', అప్పట్లో మేముండే రేవు పేట. అయిదేళ్లప్పుడు హౌరా స్టేషన్లో తప్పిపోయాను. ఊరెళ్లే రైలు దగ్గర అమ్మ చెయ్యి వదిలేశాను, అంతే. ఎవరో కూలీ భుజం మీద దొరికానట. ఆ ఏడే ఊళ్లో జాతరకి వెళ్లినప్పుడు అమ్మ పొడిపించేసింది. మళ్లీ తప్పిపోతే ఎవరో ఒకరు చదివి, రేవులో నాన్నకి అప్పగిస్తారని.

తెలుగు అక్షరాలు. హౌరాలో!

"అచ్చరం ముక్క రాని నీకేటి తెలుస్తాది గాని, హౌరాలో తెలుగెవుడు సదువుతాడే?" అని నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. అమ్మ మూతి ముడుచుకుంటుంది. నాతో పాటు అక్షరాలూ సాగాయి. ఇప్పుడు ఇంకా బాగా కనబడుతున్నాయి.

డిసెంబరు 12

ఆఫీసు అయ్యాక న్యూ మార్కెట్. దారిలో ఊరేగింపు, ఎర్ర జెండాలు... బస్సు కదల్లేదు. దిగి నడిచాం. రీనా దీదీ మాటంటే మాటే. గౌనే అంత మెరుస్తుంటే మెడలో ఏమీ ఉండకూడదట. చెవులకి మాత్రం పొడుగ్గా వేలాడేవి. వెండి రంగు చేతిపర్సు. నల్ల హీల్స్. "గాజులొద్దు, పెళ్లికూతురిలా ఉంటావు."

నేను రాళ్ల పట్టీ గాజు ఒకటి వెడల్పుది ఎక్కించుకుని చూశాను. రాళ్లు చమ్కీలకి పట్టుకుంటాయంది. నిజమే, దారాలు లేచిపోతే ఆమెకి ఏం చెప్పను? చివరికి మోచేతి దాకా వచ్చే నల్ల గ్లవ్స్ కొన్నాను. ఫ్యాషన్ అన్నాను. ఆమె నా చేతి వంక ఓసారి చూసింది.

డిసెంబరు 13

గ్లవ్స్ తొడుక్కుని అద్దం ముందు నించున్నాను. కూడలిలో బళ్లని ఆపే సార్జంటులా ఉన్నాను. మైకు జారుతోంది. కాగితం తిప్పలేను.

అమ్మ వచ్చింది. "సలేస్తోందేటే?"

"ఊఁ" అన్నాను. వెళ్లి దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పింది.

డిసెంబరు 14, ఆదివారం

ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రీనా దీదీ నా చెయ్యి పట్టుకుని అడిగింది, ఏమిటిది, ఎవరు వేయించారు అని. కిదిర్‌పూర్ తెలుగువాళ్లంటే ఆఫీసులో ఒకటే అర్థం. రేవు కూలీలు. ఆ మాట నా మీద పడకూడదనుకున్నాను. నన్ను పెంచిన ఆయా వేయించిందని చెప్పాను. అమ్మానాన్నలు విశాఖలో ఉంటారని, ఇప్పుడు మేముంటున్న ఈ భవానీపూర్ ఇంట్లో ఆ ఆయా తోడుగా ఉంటున్నానని... ఎంత తేలిగ్గా వచ్చేసింది నోటికి! ఆయా అట. అమ్మని.

అప్పట్నుంచీ ఆ అబద్ధాన్ని పోషిస్తూనే ఉన్నాను. ఎవరినీ ఇంటికి పిలవను.

డిసెంబరు 16

గౌను అంచు పొడుగైంది. పిన్నులు పెట్టి కుట్టాలట. "గురువారం మీ ఇంటికొస్తా" అంది రీనా దీదీ. వద్దనడానికి ఒక్క సాకూ దొరకలేదు. గురువారం నాన్నకి రేవులో రెండో షిఫ్టు. అమ్మ ఉంటుంది.

అమ్మని ఎక్కడికైనా పంపేయాలని ఆలోచించాను. ఛీ.

డిసెంబరు 18, గురువారం

పంపలేదు. చెప్పనూ లేదు.

తలుపు అమ్మే తీసింది. రీనా దీదీ నవ్వుతూ, "నువ్వేగా ఆయా-మాశీ? గౌరి చెప్పింది" అని బెంగాలీలో అంది. అమ్మ చేతుల మీది పచ్చబొట్లు చూసి, "గౌరిని ఏడిపించి పొడిపించింది నువ్వేనన్నమాట!" అని మురిసిపోయింది.

అమ్మకి ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో చేపల బేరం బెంగాలీలోనే. ప్రతి ముక్కా అర్థమైంది. నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా గౌను మడతలు సర్దుతున్నాను.

అప్పుడు అమ్మ అంది. నాతో. బెంగాలీలో.

"దిదిమొణి, చా ఖాబేన్?"

టీ తాగుతారా అని. మీరు అని. ఈ ఊళ్లో పనిమనిషి ఇంటి పిల్లని పిలిచే పిలుపుతో.

టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. తన మంచం తన పక్కనే ఉంది, కూర్చోలేదు. రీనా దీదీ ఖాళీ కప్పు అమ్మ చేతిలో పెట్టింది. నేనూ పెట్టాను... నేనూ పెట్టాను నా కప్పు.

ఆమె వెళ్లిపోయాక అమ్మ కప్పులు కడిగి బోర్లించింది. "అన్నం తినీసి పడుకో" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 19

పొద్దున్నే పెరటి కుళాయి దగ్గర అమ్మ ఎడమ చేతికి సబ్బు రుద్దుకుంటోంది. పెళ్లినాటి వెడల్పాటి వెండి కడియం. అది తియ్యగా నేనెప్పుడూ చూడలేదు. లాగి లాగి, ఎర్రగా కందిపోయాక వచ్చింది. కడియం కింది చర్మం అమ్మది కానట్టుగా తెల్లగా ఉంది.

చీరచెంగుతో తుడిచి నా చేతికి ఎక్కించింది. వదులైంది. లోపల పాత గుడ్డపేలిక చుట్టింది, జారకుండా. నున్నటి వెండి, చమ్కీలకి ఎక్కడా పట్టుకోదు. పచ్చబొట్టు రెండు వరసలూ దాని కింద మునిగిపోయాయి.

"ఇది యేసుకో. అచ్చరాలు కనపడవు. ఆ నల్ల సంచులు ఒగ్గీ."

"అమ్మా, నేను..."

"పొడిసిన్నాడు నువ్వు మరీ ఏడిసినావు. ఒగ్గీమని కాళ్లు కొట్టుకున్నావు. నానే గట్టిగా పట్టుకున్నాను. తప్పు నాదేనే."

ఏడుపొచ్చింది. అమ్మ ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. స్నానాల గదిలోకి పోయాను.

డిసెంబరు 20, శనివారం

వెళ్లొచ్చాను.

గౌను, వేలాడే లోలాకులు, వెండి పర్సు, అమ్మ కడియం. అద్దంలో బాగున్నాను, ఆ మాట రాయడానికే సిగ్గేస్తోంది. మైకు ఎత్తిన మొదటిసారే గుడ్డపేలిక ఊడి, కడియం మోచేతి దాకా జారిపోయింది. అంత వెలుగులో నాన్న పేరు బయటికి వచ్చేసింది. దించలేదు చెయ్యి, దించితే మైకు దిగుతుంది. పేర్లన్నీ పిలిచాను.

ఒక్కరూ చూడలేదు. అందరూ చమ్కీల్నే చూశారు. ఇన్నాళ్లూ ఎవరి నుంచి దాచుకున్నట్టు?

భోజనాల దగ్గర రీనా దీదీ కడియం తిప్పి తిప్పి చూసింది. "ఎంత బాగుంది! ఎక్కడిది?"

"అమ్మది."

"విశాఖ నుంచి పంపారా?"

తల ఊపాను. నోరు తెరిచి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. తల ఊపాను.

డిసెంబరు 21, ఆదివారం

కడియం తిరిగి ఇచ్చాను. అమ్మ చెయ్యి వాచి ఉంది, ఎక్కలేదు. బియ్యం డబ్బాలో దాచింది.

ఫోటోలు కడిగించాక వచ్చే ఆదివారం తీసుకొస్తానంది రీనా దీదీ. మీ ఆయా టీ చాలా బాగుంటుందంది. అమ్మకి చెప్పాను, వస్తుందని. అంతవరకే చెప్పగలిగాను.

అమ్మ వంకాయలు తరుగుతోంది. తలెత్తలేదు. కోపం లేదు, దెప్పడం లేదు, కూరలోకి ఉప్పెంత అని అడిగినట్టే అడిగింది.

"ఆ పిల్లొచ్చిన్నాడు నిన్నేటని పిలవమంటావే?"

వంకాయ ముక్కలన్నీ నీళ్లలో వేసేసింది. ఇంకా నా జవాబు కోసమే కూర్చుంది. నేను ఇక్కడ రాసుకుంటున్నాను.